నక్షత్రాల పంచత్వం: దృష్టాంతమా, ప్రమాణమా?



ఆస్తికుల గోష్ఠులలో ఒక ప్రశ్న తరచుగా వినవస్తున్నది. "సూర్యుడు కూడా ఒకనాటికి ఇంధనం తీరి ఆరిపోతాడని ఖగోళశాస్త్రం చెబుతున్నది. ఆరిపోయే వస్తువుకు త్రికాలాలలో అర్ఘ్యం ఇవ్వడం ఎందుకు?" ప్రశ్న అడిగేవాడు నాస్తికుడు కానక్కరలేదు. ఉపనయనమై, సంధ్యావందనం నేర్చుకొని, కళాశాలలో భౌతికశాస్త్రం చదివిన బ్రహ్మచారియే ఈ సందేహంతో సతమతమవుతున్నాడు.

బసంత్‌నగర్, రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో ఈ ప్రశ్నకు పదును మరింత ఎక్కువ. భూగర్భం నుండి బొగ్గు పైకి రావడం, అది విద్యుత్కేంద్రంలో మండడం, మండగా మిగిలిన బూడిద గుట్టలుగా పేరుకోవడం ఇక్కడి ప్రజలకు నిత్యదర్శనం. ఇంధనం తీరిన అగ్ని ఏమవుతుందో ఇక్కడి యువకుడికి ఎవరూ వేరుగా చెప్పవలసిన పని లేదు. అందువలన "సూర్యుడూ అంతేనా?" అని అతడు అడిగినప్పుడు ఆ ప్రశ్నలో వేళాకోళం లేదు, వేదన ఉన్నది.

దీనికి సాధారణంగా రెండు సమాధానాలు లభిస్తున్నాయి. ఇటువంటి ప్రశ్న అడగడమే అపచారమని గద్దించడం మొదటిది. ఇదంతా వేదాలలో ఎప్పుడో చెప్పబడినదే, పాశ్చాత్యులు ఇప్పుడు కనుగొన్నారని సంతృప్తి పడడం రెండవది. మొదటిది జిజ్ఞాసువును దూరం చేస్తుంది. రెండవది శాస్త్రాన్నే చులకన చేస్తుంది. ఈ రెండింటినీ విడిచి, అవసానదశలోని నక్షత్రం చుట్టూ ఉండే వాయువుకు వాస్తవంగా ఏమి జరుగుతున్నదో ముందు తెలుసుకొని, ఆ తరువాత శాస్త్రం ఏమంటున్నదో విచారించడమే సరియైన క్రమం.

నక్షత్రం దేహం విడిచే విధానం

నక్షత్రమంటే ప్రధానంగా హైడ్రోజన్ వాయుగోళం. దాని గర్భంలో హైడ్రోజన్ హీలియంగా మారుతూ ఉండగా వెలువడే శక్తియే మనకు వెలుగుగా చేరుతున్నది. సూర్యుడు సుమారు 460 కోట్ల సంవత్సరాలుగా ఈ విధంగా ప్రకాశిస్తున్నాడు. ఇంకా సుమారు 500 కోట్ల సంవత్సరాల పాటు ప్రకాశిస్తాడని శాస్త్రజ్ఞుల గణన. గర్భంలోని హైడ్రోజన్ తరిగిన తరువాత నక్షత్రం ఉబ్బి, పైపొర చల్లబడి, ఎర్రని మహాతారగా మారుతుంది. అప్పుడు లోపల మూడేసి హీలియం కేంద్రకాలు కలిసి కర్బనం పుడుతుంది. ఆ కర్బనంలో కొంత భాగం కడవలో అడుగున ఉన్న పదార్థం కలియబెట్టగా పైకి తేలినట్లు పైపొరలకు చేరుతుంది.

ఈ దశలో నక్షత్రం తన పైపొరలను నిలుపుకొనలేదు. మందమైన గాలి వలె అవి నెమ్మదిగా బయటికి వీస్తూ ఉంటాయి. నక్షత్రానికి దూరంగా పోయిన కొద్దీ ఆ వాయువు చల్లబడి, అందులోని కర్బనం సూక్ష్మమైన మసిగా, ఇతర ధాతువులు ఇసుక రేణువుల వంటి ధూళిగా గడ్డకడతాయి. అప్పుడు నక్షత్రం తన ధూళిలో తానే మరుగున పడుతుంది. సూర్యుని వంటి నక్షత్రం ఈ రీతిగా తన ద్రవ్యరాశిలో దాదాపు సగాన్ని ఆకాశానికి అర్పిస్తుంది.

పొరలన్నీ తొలగిపోగా చివరకు నగ్నమైన గర్భం బయటపడుతుంది. దాని ఉపరితల ఉష్ణోగ్రత కొద్ది వేల డిగ్రీల నుండి క్రమంగా పెరిగి ఇరవై అయిదు, ముప్పై వేల డిగ్రీలు దాటినప్పుడు ఒక విశేషం జరుగుతుంది. ఆ గర్భం నుండి వెలువడే అతినీలలోహిత కిరణాలు చుట్టూ ఉన్న చల్లని వాయువును తాకి, పరమాణువుల నుండి ఎలక్ట్రాన్లను విడదీస్తాయి. అంతవరకు చీకటిగా ఉన్న వాయువు స్వయంగా వెలగడం ఆరంభిస్తుంది. దీనినే గ్రహనీహారిక అంటారు. గ్రహాలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. చిన్న దూరదర్శినిలో గ్రహబింబం వలె గుండ్రంగా కనబడుతున్నందున 18వ శతాబ్దంలో విలియం హెర్షెల్ పెట్టిన పేరు నిలిచిపోయింది.

గర్భం మరింత వేడెక్కిన కొద్దీ వాయువు రంగు మారుతుంది. మొదట హైడ్రోజన్ వెలుగు ప్రధానంగా ఉంటుంది. తరువాత ఆక్సిజన్ వెలువరించే హరితకాంతి బలపడుతుంది. ఇంకా వేడి పెరిగితే హీలియం తన రెండు ఎలక్ట్రాన్లనూ కోల్పోతుంది. ఈ కాలమంతా వాయువు సెకనుకు 20 నుండి 40 కిలోమీటర్ల వేగంతో విస్తరిస్తూ, పలుచబడుతూ ఉంటుంది. ఆ తరువాత గర్భంలోని అగ్ని శాంతిస్తుంది. సూర్యుని ద్రవ్యరాశిలో సగమంత ద్రవ్యం భూగోళమంత పరిమాణంలో ఇమిడిన శ్వేతతార మాత్రం మిగిలి, మెల్లగా చల్లారుతుంది. కొద్ది వేల సంవత్సరాలలో, ఎక్కువగా ఇరవై వేల సంవత్సరాలలోపు, వాయువు ఆకాశంలోని సామాన్య వాయువుతో కలిసిపోతుంది. నక్షత్రజీవితంతో పోల్చినప్పుడు ఇది నిమేషమాత్రం. మహాద్రవ్యరాశి గల నక్షత్రాల అంత్యం ఇంత ప్రశాంతంగా ఉండదు. అవి విస్ఫోటనం చెందుతాయి. 1054వ సంవత్సరంలో చైనా జ్యోతిష్కులు పట్టపగలు చూచిన విస్ఫోటనం నుండి వెలువడిన వాయువు వృషభరాశిలో నేటికీ సెకనుకు వేయి కిలోమీటర్లకు మించిన వేగంతో విస్తరిస్తూనే ఉన్నది.

గుంటూరు నుండి వేదిక వరకు

అంత దూరాన ఉన్న వాయువు ఎటువంటిదో భూమి మీద ఉన్న మనిషికి ఎట్లు తెలిసింది? కాంతిని విడదీసి చూచే వర్ణపటదర్శిని వలన. 1864లో విలియం హగ్గిన్స్ అనే ఆంగ్లేయుడు ధ్రువప్రాంతంలోని ఒక గ్రహనీహారికను ఈ యంత్రంతో చూచి, అందులో ఇంద్రధనుస్సు వంటి అవిచ్ఛిన్నమైన వర్ణమాలకు బదులు కొద్ది ప్రకాశరేఖలు మాత్రమే ఉన్నాయని గమనించాడు. కనుక అది నక్షత్రాల గుంపు కాదు, వెలిగే వాయువు అని తేలింది.

నాలుగు సంవత్సరాల తరువాత, 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగునేలను ఈ చరిత్రలో చేర్చింది. ఫ్రాన్సు నుండి గుంటూరుకు వచ్చిన జాన్సెన్, మచిలీపట్నంలో నిలిచిన పాగ్సన్ సూర్యుని అంచున ఎగసిన జ్వాలలను వర్ణపటదర్శినితో పరిశీలించారు. ఆ గ్రహణకాలంలోనూ, తరువాత ఇంగ్లండులో లాకియర్ చేసిన పరిశీలనలలోనూ కనిపించిన పసుపుపచ్చని రేఖ భూమి మీద అప్పటికి తెలిసిన ఏ ధాతువుకూ చెందినది కాదు. సూర్యుని గ్రీకు నామాన్ని బట్టి దానికి హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద అది లభించినది 1895లో. సూర్యుని శరీరంలో ముందు చూచి, తరువాత భూమిలో గుర్తించిన పదార్థం అది.

ఇదే రీతిగా నీహారికలలోని హరితరేఖ కూడా చిరకాలం అంతుపట్టలేదు. అది ఏదో అపూర్వ ధాతువుదని భావించి దానికి కొత్త పేరు కూడా పెట్టారు. 1927లో బోవెన్ అనే శాస్త్రజ్ఞుడు అది అపూర్వ ధాతువు కాదని, రెండు ఎలక్ట్రాన్లను కోల్పోయిన ఆక్సిజన్ మాత్రమేనని నిరూపించాడు. అత్యంత విరళమైన స్థితిలో మాత్రమే అది ఆ రంగులో వెలుగుతుంది. ప్రతి శ్వాసలో లోపలికి పోయే ప్రాణవాయువే అక్కడ వేరొక అవస్థలో ఉండి గుర్తింపునకు అందలేదన్నమాట. వస్తువు పరిచితమే, ఉపాధి అపరిచితం. వేదాంత విద్యార్థికి ఈ ఒక్క ఉదంతం చాలా ఆలోచన ఇవ్వగలదు.

ఇటీవలి కాలపు సాక్ష్యాలు రెండు మరింత విశిష్టమైనవి. మృగశీర్షకు దక్షిణంగా ఉన్న శశకమండలంలో ఐసీ 418 అనే నీహారిక ఉన్నది. 1893 నాటి పరిశీలనలను నేటి పరిశీలనలతో సరిపోల్చి 2025లో ప్రకటించిన ఫలితం ప్రకారం, అందులోని ఆక్సిజన్ హరితకాంతి ఈ 130 సంవత్సరాలలో సుమారు రెండున్నర రెట్లు బలపడింది. అంటే లోపలి గర్భం సుమారు 3,000 డిగ్రీలు వేడెక్కిందన్నమాట. ఒక మనిషి జీవితకాలంలో కనబడని మార్పు నాలుగయిదు తరాల లేఖనాలను పక్కపక్కన పెట్టినప్పుడు కనబడింది. చూచినవారు గతించారు, చూచినది మాత్రం పరంపరగా నిలిచింది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో స్థాపించిన నిజామియా వేధశాల కూడా నక్షత్రస్థానాలను ఛాయాచిత్రాలలో నిక్షేపించే అంతర్జాతీయ కార్యంలో పాల్గొని ఇటువంటి పరంపరకే సేవ చేసింది.

రెండవ సాక్ష్యం స్టింగ్‌రే నీహారిక. అది దక్షిణాకాశంలో వేదిక అనే నక్షత్రమండలంలో ఉన్నది. 1971లో తీసిన వర్ణపటంలో అది కేవలం ఉష్ణనక్షత్రం వలె కనబడింది. 1990 నాటికి దాని చుట్టూ ఉన్న వాయువు నీహారికగా వెలుగుతున్నదని బెంగళూరులోని భారతీయ ఖగోళభౌతిక సంస్థకు చెందిన ఎం. పార్థసారథి, ఆయన సహపరిశోధకులు గుర్తించి 1993లో ప్రకటించారు. నక్షత్రం నీహారికగా మారడం మానవుల కళ్ళముందే జరిగిన అరుదైన సంఘటన అది. ఆ నక్షత్రపు వేడి 1971లో సుమారు 22,000 డిగ్రీలు. 2002 నాటికి 60,000 డిగ్రీలు. ఆ పిమ్మట మరల తగ్గనారంభించింది. దానితో పాటే వాయువు కాంతి కూడా తగ్గింది. 1996లోనూ 2016లోనూ హబుల్ దూరదర్శిని తీసిన చిత్రాలను పోల్చగా, ఆక్సిజన్ వెలుగు దాదాపు వేయవ వంతుకు పడిపోయినట్లు తేలింది. అగ్నివేదిక మీద హవిస్సు వేసినప్పుడు ఎగసిన జ్వాల మరల అణగినట్లు, ఆ నీహారిక ఒక తరం మనుషుల ముందు వెలిగి, అదే తరం ముందు మలుగుతున్నది.

షడ్భావవికారాలు, నిత్యప్రళయం

ఈ వృత్తాంతాన్ని శాస్త్రపరిభాషలో ఎట్లు గ్రహించవలెను? యాస్కుని నిరుక్తంలో వార్ష్యాయణి మతంగా ఆరు భావవికారాలు చెప్పబడ్డాయి: పుట్టడం, ఉండడం, మారడం, పెరగడం, క్షీణించడం, నశించడం. పుట్టిన ప్రతి వస్తువుకూ ఇవి తప్పవు. గ్రహనీహారిక ఈ ఆరింటినీ కొద్ది వేల సంవత్సరాలలో ప్రదర్శిస్తున్నది. మారడం, పెరగడం, క్షీణించడం అనే మధ్యదశలు వేరువేరు వికారాలుగా ఎందుకు లెక్కింపబడ్డాయో ఈ వాయువును చూచినవారికి సులభంగా బోధపడుతుంది. అది పరిమాణంలో పెరుగుతున్నప్పుడే సాంద్రతలో క్షీణిస్తున్నది. విస్తరణమూ, విలయమూ అక్కడ రెండు క్రియలు కావు.

భాగవతం ద్వాదశస్కంధం ప్రళయాన్ని నాలుగు విధాలుగా విభజించింది. బ్రహ్మదేవుని రాత్రియందు కలిగేది నైమిత్తికం. తత్త్వాలన్నీ ప్రకృతిలో లీనమయ్యేది ప్రాకృతికం. జ్ఞానం వలన అహంకారబంధం తెగేది ఆత్యంతికం. క్షణక్షణమూ సమస్త భూతాలకూ జరుగుతూ ఉండేది నిత్యప్రళయం. కాలవేగం చేత ప్రాణుల అవస్థలు నిరంతరం మారుతున్నా అవి గోచరించవని చెప్పుతూ, ఆకాశంలోని జ్యోతులను అక్కడ ఉపమానంగా చూపారు.

ఇక్కడనే జాగ్రత్త అవసరం. ఆ ఉపమానాన్ని పట్టుకొని "నక్షత్రాలు వృద్ధి చెంది మరణిస్తాయని వ్యాసభగవానుడు ముందే చెప్పాడు" అని ఉపన్యసించడం నేడు సులభం. చప్పట్లు కూడా మ్రోగుతాయి. కాని సందర్భాన్ని బట్టి అక్కడ ఉద్దేశింపబడినది జ్యోతుల చలనం కంటికి తెలియకపోవడమే. సూర్యచంద్రులు కదులుతూ ఉన్నా కదిలే క్షణం కనబడదు. అట్లే దేహం మారుతూ ఉన్నా మారే క్షణం కనబడదు. శ్లోకం చెప్పదలచినది మన దేహపు అనిత్యత్వాన్ని. దానిని నీహారికాశాస్త్రంగా మార్చినవాడు వ్యాసునికి కొత్త కీర్తి తేవడం లేదు; వ్యాసుడు చెప్పిన వైరాగ్యాన్ని శ్రోతకు చేరకుండా అడ్డుపడుతున్నాడు.

ప్రమాణాలకు వాటి వాటి విషయాలు ఉన్నాయి. కంటికీ, యంత్రానికీ, గణితానికీ అందే విషయంలో ప్రత్యక్షానుమానాలే ప్రమాణం. వాటికి అందని ధర్మబ్రహ్మముల విషయంలో శ్రుతి ప్రమాణం. అగ్ని చల్లనిదని శ్రుతివాక్యాలు ఎన్ని చెప్పినా అవి ఆ విషయంలో ప్రమాణం కాజాలవని శంకరభగవత్పాదులు గీతాభాష్యంలో నిర్ద్వంద్వంగా పేర్కొన్నారు. వేదానికి ఇంతకంటె గౌరవం ఏమున్నది? తన విషయంలో తాను అధిపతి. ఇతర ప్రమాణాల విషయంలోకి చొరబడి నిరూపణ కోసం చేయి చాచవలసిన దుస్థితి దానికి లేదు. నేడు ఒక శాస్త్రసిద్ధాంతం వేదంలో ఉన్నదని చాటినవాడు, రేపు ఆ సిద్ధాంతం సవరింపబడితే వేదాన్ని కూడా సవరిస్తాడా? నీహారికలో అపూర్వ ధాతువున్నదని లోకం దశాబ్దాల పాటు నమ్మింది. ఆ కాలంలో ఎవరైనా దానికి ఒక మంత్రాన్ని సాక్ష్యంగా చూపి ఉంటే, 1927 తరువాత ఆ మంత్రానికి పట్టే గతి ఏమిటి?

దృష్టాంతం స్థానం

అయితే ఈ విజ్ఞానం సాధకుడికి నిరుపయోగమా? కానేకాదు. అది ప్రమాణం కాదు, దృష్టాంతం. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కుమారునికి తత్త్వం బోధించేటప్పుడు మట్టిముద్దను, బంగారాన్ని, మర్రివిత్తును, నీటిలో కరిగిన ఉప్పును చూపాడు. కుమ్మరి ఇంటి మట్టి బ్రహ్మమును నిరూపించలేదు. శ్రుతి చెప్పినదాన్ని శ్వేతకేతువు బుద్ధికి ఎక్కించింది. ఆ కాలపు ఆచార్యుడు ఇంటి చుట్టూ ఉన్న వస్తువులనే ఎన్నుకొన్నాడు. ఈ కాలపు ఆచార్యుడు ఈ కాలంలో తెలిసిన వస్తువులను ఎన్నుకొనడంలో దోషం లేదు.

బసంత్‌నగర్ పరిసరాలలోనే ఇటువంటి దృష్టాంతం సిద్ధంగా ఉన్నది. ఒకప్పుడు ఏవో నక్షత్రాల గర్భంలో పుట్టిన కర్బనం వాటి చివరిశ్వాసతో ఆకాశంలోకి వచ్చింది. ఆ ధూళి కలిసిన మేఘం నుండి సూర్యుడూ భూమీ ఏర్పడ్డాయి. భూమి మీద వృక్షాలు ఆ కర్బనాన్ని గాలి నుండి గ్రహించి కాండాలుగా, ఆకులుగా నిలుపుకొన్నాయి. 25 కోట్ల సంవత్సరాలకు పూర్వమే గోదావరీ లోయలోని అరణ్యాలు నేలలో కూరుకుపోయి బొగ్గుగా మారాయి. ఆ బొగ్గును సింగరేణి కార్మికుడు పైకి తెస్తున్నాడు. రామగుండంలో అది మండి విద్యుత్తవుతున్నది. మండిన కర్బనం మరల గాలిలో కలుస్తున్నది. వృక్షంతో పాటు పూడిన మన్ను బూడిదగా మిగులుతున్నది. అటువంటి బూడిదను సిమెంటులో కలుపుతారు. ఆ సిమెంటు ఇంటి గోడ అవుతుంది. సిమెంటుకు మూలమైన సున్నపురాతిలోని కాల్షియం కూడా విస్ఫోటనం చెందిన నక్షత్రాల కానుకయే. పూజామందిరం గోడను చేతితో తాకినవాడు నక్షత్రాల అవశేషాన్ని తాకుతున్నాడు.

ఈ పరంపరను సాంఖ్యుడు చూస్తే కార్యం కారణంలో ముందే ఉన్నదని, ప్రకటమైనదే తప్ప కొత్తగా పుట్టలేదని అంటాడు. నైయాయికుడు చూస్తే గోడకు ఉన్న ధర్మాలు వాయువులో లేవు కనుక కార్యం నూతనమే అంటాడు. అద్వైతి ఈ మార్పులన్నీ నామరూపాలకే, అధిష్ఠానానికి కాదంటాడు. నీహారిక ఈ మూడు వాదాలలో ఏ ఒక్కదానికీ తీర్పు ఇవ్వదు. దృష్టాంతానికి ఉన్న పరిమితి అదే. మూడు దర్శనాలవారూ తమ తమ వాదాన్ని వివరించుకొనడానికి మాత్రం అది చక్కగా అక్కరకు వస్తుంది.

అణువుల అమరత్వం మోక్షం కాదు

మరొక భ్రమను కూడా ఇక్కడ నిలువరించవలసి ఉన్నది. "మనమంతా నక్షత్రధూళి, మరణించినా మన అణువులు నశించవు, కనుక మనకు మరణం లేదు" అనే మాట ఇప్పుడు ఆధ్యాత్మిక ప్రసంగాలలో కూడా ప్రవేశించింది. వినడానికి ఇంపైన మాటే. కాని ఇది వేదాంతం కాదు. దేహం భూతాలలో కలిసిపోతుందని చెప్పడానికి వేదాంతి అవసరం లేదు. దేహమే ఆత్మ అని వాదించిన చార్వాకుడికి కూడా ఆ మాట పూర్తిగా సమ్మతమే. మిగిలే అణువు అనాత్మ. వెళ్ళిపోయినవాని సుఖదుఃఖాలు దానికి తెలియవు.

అట్లే నక్షత్రవాయువు నుండి మరొక నక్షత్రం పుట్టడాన్ని పునర్జన్మకు నిరూపణగా చూపడం కూడా పొరపాటే. జీవుడు సూక్ష్మభూతాలతో, కర్మవాసనలతో కూడి దేహాంతరానికి వెళ్ళుతాడని బ్రహ్మసూత్రాల తృతీయాధ్యాయం ఆరంభంలో విచారింపబడింది. వాయువుకు వాసన లేదు; కర్మ లేదు; కర్తృత్వం లేదు. ఒక కుండ పగిలిన పెంకులతో మరొక కుండ చేసినంత మాత్రాన మొదటి కుండకు పునర్జన్మ కలిగినట్లు కాదు.

గనులున్న ప్రాంతంలో ఈ వివేకం కేవలం తర్కవిషయం కాదు. భర్తనో, కుమారునో పోగొట్టుకొన్న ఇంటిలో దశాహకర్మలు జరుగుతున్నప్పుడు, దుఃఖంలో ఉన్నవారు పురోహితుని ముఖం వైపు చూస్తారు. "పోయినవారు ఎక్కడ ఉన్నారు?" అని అడుగుతారు. "ఆకాశంలో నక్షత్రమై వెలుగుతున్నారు" అని పిల్లలకు చెప్పే అలవాటు ఉన్నది. దానికి శ్రుతిలో కొంత ఆధారం కూడా ఉన్నది. నక్షత్రాలు పుణ్యాత్ముల జ్యోతులని తైత్తిరీయసంహిత చెబుతున్నది. అది పుణ్యానికి చేసిన స్తుతి. ఆ భావాన్ని ఎవరూ పిల్లల నుండి లాగివేయనక్కరలేదు. కాని పెద్దలకు అక్కడితో ఆపరాదు. పుణ్యఫలమైన స్వర్గం కూడా పుణ్యం తీరగానే ముగుస్తుందని గీత నవమాధ్యాయం, బ్రహ్మలోకంతో సహా ఏ లోకమూ శాశ్వతం కాదని అష్టమాధ్యాయం నిర్ణయించాయి. జ్యోతికి కూడా అంతమున్నది. అంతం లేనిదాన్ని వెదకమని శాస్త్రం చెప్పేది ఇందుకే. ఆర్తునికి ఆ క్షణంలో కావలసినది సిద్ధాంతం కాదు, సాంత్వన, నిజమే. అయితే ఆ సాంత్వన అసత్యం మీద నిలిచినదైతే పిల్లవాడు భౌతికశాస్త్రం చదివిన నాడు కూలిపోతుంది. దానితో పాటు చెప్పినవారి మీద గౌరవం కూడా కూలుతుంది.

అర్ఘ్యం ఎవరికి?

ఇక మొదటి ప్రశ్న. ఆరిపోయే సూర్యునికి అర్ఘ్యం ఎందుకు?

బృహదారణ్యకంలోని అంతర్యామి బ్రాహ్మణంలో యాజ్ఞవల్క్యుడు ఈ ప్రశ్నకు ఎప్పుడో సమాధానం చెప్పాడు. అతడు చెప్పినది ఖగోళశాస్త్రం కాదు, ఉపాసనారహస్యం. ఆదిత్యునిలో ఉంటూ, ఆదిత్యునికి కూడా తెలియబడక, ఆదిత్యుని శరీరంగా చేసుకొని, లోపల నుండి నియమించేవాడే అంతర్యామి, అతడే అమృతుడు. ఇక్కడ సూర్యమండలం శరీరమని స్పష్టంగా చెప్పబడింది. శరీరమైనదానికి షడ్భావవికారాలు ఉండవని శ్రుతి ఎక్కడా అనలేదు. పైగా ద్యులోకం, భూమి, జలం, అగ్ని, వాయువు అన్నింటినీ అదే వరుసలో శరీరాలుగా నిర్దేశించింది. అమృతత్వం అంతర్యామికే చెప్పబడింది, మండలానికి కాదు. గాయత్రి ఉపాసకుడు ధ్యానించేది బుద్ధిని ప్రేరేపించే తేజస్సును. ఆ తేజస్సు హైడ్రోజన్ తీరినంతనే తీరిపోయేదని ఏ భాష్యకారుడూ వ్రాయలేదు.

ఇందుకు పూర్వపక్షి ఒక ఆక్షేపం చేయవచ్చు. "మండలం నశించిన తరువాత ఉపాసనకు ఆలంబనం ఏది?" అని. సమాధానం సులభం. ఆలంబనం ఉన్నంతవరకే ఉపాసన; ఆలంబనం కూడా కాలానికి లోబడినదే. మట్టితో చేసిన వినాయకుని నవరాత్రులు పూజించి నీటిలో కలిపే సంప్రదాయం ఉన్న ఇంటిలో ఈ ఆక్షేపం పుట్టరాదు. నిమజ్జనం చేయబోయే విగ్రహమని ఎవరూ ఆవాహన మానలేదు. 500 కోట్ల సంవత్సరాల తరువాత జరిగేది సూర్యమండల నిమజ్జనం. ఆ మాట విని నేటి ప్రాతఃసంధ్యను విడిచిపెట్టేవాడు, రేపు ఆకలి వేస్తుందని నేడు భోజనం మానేవానితో సమానుడు.

ఇంకొక మాట. సూర్యుడు అనిత్యుడని తెలిసిన తరువాత అర్ఘ్యానికి విలువ తగ్గకపోగా, కృతజ్ఞత పెరగవలెను. తనను తాను దహించుకొంటూ ఇస్తున్నాడని తెలియని నాడు చేసిన నమస్కారం కంటె, తెలిసిన నాడు చేసే నమస్కారం బరువైనది.

చేయవలసినది

ఆలయాలలో పురాణప్రవచనం చేసేవారు ఖగోళవిషయం ప్రస్తావించదలచుకొంటే ముందు దానిని శాస్త్రజ్ఞుల వద్ద సరిగా తెలుసుకొనవలెను. తెలియనప్పుడు మౌనం వహించవలెను. వేదపాఠశాలలలోని విద్యార్థులకు నక్షత్రసూక్తం నేర్పేటప్పుడు రాత్రివేళ ఆకాశంలో ఆ నక్షత్రాలను చూపవలెను. సంకల్పంలో ప్రతిదినం నక్షత్రనామం ఉచ్చరించే విద్యార్థికి, చంద్రుడు ఆ రాత్రి ఏ నక్షత్రం చెంత ఉన్నాడో వ్రేలు పెట్టి చూపే శక్తి ఉండవలెను. విద్యుత్కేంద్రాల దీపకాంతి వలన ఈ ప్రాంతపు ఆకాశం కొంత వెలిసిపోయి ఉంటుంది. అయినా శీతకాలపు రాత్రులలో ఆర్ద్ర ఎర్రగా, స్పష్టంగా కనబడుతుంది. దాని అధిదేవత రుద్రుడు. అది కూడా అవసానదశలోని మహాతారయే. 2019 చివర నుండి 2020 ఫిబ్రవరి వరకు అది సగానికి పైగా మసకబారింది. తాను వెలువరించిన వాయువు చల్లబడి ధూళిగా మారి దాని ముఖానికి తెరగా నిలవడమే దానికి ప్రధాన కారణమని తరువాత తేలింది. కొద్ది నెలలలో తెర విచ్చిపోయి మరల ప్రకాశించింది.

ఆర్ద్రను చూపి "ఋషులకు ఇదంతా తెలుసు" అని చెప్పనక్కరలేదు. "రుద్రుని నక్షత్రం కూడా కాలానికి లోబడినదే, కాలాన్ని లోబరచుకొన్నవానికి నమస్కరించు" అని చెబితే చాలు. విన్న పిల్లవాడు పెద్దవాడై దూరదర్శినితో చూచినా, గనిలో దిగి పనిచేసినా, ఆ మాట అతనికి ఎక్కడా అబద్ధం కాదు.